గాలాపాగోస్ యాత్ర – అట్లాసు ముందు వేసుకున్న ప్రణాళిక



ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పీ.జీ. చేస్తున్న మేము నలుగురం. మా ఇళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లం మేమే మొదలు. పాస్‌పోర్టు లేదు, చేతిలో డబ్బు లేదు. అయినా పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపాగోస్ దీవులకు ఎనిమిది రోజుల ప్రకృతి యాత్రను కాగితం మీద పూర్తిగా వేయాలనుకున్నాం. ఆ పనిలో నేర్చుకున్నది మీ ముందుంచుతున్నాం.

1. ముందు దీవుల పుట్టుక తెలియాలి

ఇవి ఈక్వెడార్ దేశానివి. ఆ దేశపు తీరానికి పడమరగా సుమారు 1000 కి.మీ. దూరంలో ఉన్నాయి. భూగర్భంలో ఒకచోట నుంచి విపరీతమైన వేడి పైకి తన్నుతుంటుంది. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. పైనున్న నాజ్కా ఫలకం మెల్లగా తూర్పుకు జరుగుతుంటుంది. పొయ్యి కదలదు, పెనం జరుగుతుంది అనుకోండి. పొయ్యి మీదికి వచ్చినచోట కొత్త దీవి లేస్తుంది. పాతది తూర్పుకు జరిగి చల్లారుతుంది. అందుకే తూర్పునున్న ఎస్పనోలా, శాన్ క్రిస్టోబల్ వయసులో పెద్దవి. పడమరనున్న ఇసబెలా, ఫెర్నాండినా చిన్నవి. ఫెర్నాండినా 2024లో కూడా లావా కక్కింది. కాబట్టి కనీసం ఒక పాత దీవి, ఒక కొత్త దీవి చూడాలన్నది మా మొదటి సూత్రం.

2. ఎప్పుడు వెళ్లాలి?

జనవరి నుంచి మే వరకు వేడి, మధ్యమధ్య వాన. సముద్రం వెచ్చగా ఉంటుంది. జూన్ నుంచి దక్షిణపు చల్లని హంబోల్ట్ ప్రవాహం బలపడుతుంది. ఆకాశం మబ్బుగా ఉండి సన్నని తుంపర పడుతుంది, సముద్రంలో చేపలు పెరుగుతాయి. భూమధ్యరేఖ మీద పెంగ్విన్లు బతకగలుగుతున్నాయంటే ఈ చల్లని నీళ్ల వల్లే. ఆల్బట్రాస్ పక్షులు ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఎస్పనోలాలో గూళ్లు పెడతాయి. రెండు కాలాలూ కలిసే మే నెలను మేము ఎంచుకున్నాం.

3. ఎనిమిది రోజుల పట్టిక

1వ రోజు: ఈక్వెడార్ నుంచి విమానంలో బాల్ట్రా, అక్కడ పడవ దాటి శాంటా క్రూజ్.
2వ రోజు: ఎగువ ప్రాంతంలో రాకాసి తాబేళ్లు, చార్లెస్ డార్విన్ పరిశోధనా కేంద్రం.
3వ రోజు: స్పీడ్ బోటులో సుమారు రెండు గంటలు, ఇసబెలా.
4వ రోజు: సియెర్రా నెగ్రా అగ్నిపర్వత బిలం అంచున నడక. ఇది 2018లో పేలింది.
5వ రోజు: తీరంలో సముద్రపు ఇగ్వానాలు, పెంగ్విన్లు.
6వ రోజు: శాంటా క్రూజ్ మీదుగా శాన్ క్రిస్టోబల్.
7వ రోజు: పడవలో ఎస్పనోలా వెళ్లి సాయంత్రానికి తిరిగి రాక.
8వ రోజు: శాన్ క్రిస్టోబల్ నుంచి విమానం.

ఫెర్నాండినాలో ఊరు లేదు, బస లేదు. ఓడలో పడుకునే యాత్రలకే అది వీలు. ఖర్చు భరించలేమని దాన్ని కొట్టేశాం. దీవుల నేలలో 97 శాతం జాతీయ పార్కే. విదేశీ పెద్దలకు ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు.

4. మేక మీద వచ్చిన వాదన

విమానం ఎక్కకముందే సామాను తనిఖీ చేస్తారు. పచ్చి పండ్లు, విత్తనాలు, మట్టి తీసుకుపోకూడదు. జంతువులకు రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. "నాలుగు గింజలకే ఇంత భయమా?" అని మాలో ఒకడు నవ్వాడు. జవాబు మేకల కథలో దొరికింది.

మాకు మేకంటే ఇంటి బ్యాంకు. మాలో ఒకడి ఇంటర్ పరీక్ష ఫీజు మేకను అమ్మి కట్టిందే. అక్కడ మాత్రం మనుషులు తెచ్చి వదిలిన మేకలు వేలకు వేలై పచ్చదనమంతా మేసేశాయి. తాబేళ్లకు తిండీ లేదు, నీడా లేదు. 1997 నుంచి 2006 వరకు జరిగిన ఇసబెలా ప్రాజెక్టులో లక్షకు పైగా మేకలను తొలగించాల్సి వచ్చింది. ఆ రాత్రి మేము చాలాసేపు వాదించుకున్నాం. చివరకు తేలింది ఒకటే: తప్పు మేకది కాదు, తెచ్చి వదిలి చూసుకోని మనిషిది.

మనిషే దిద్దుకున్న తప్పు కూడా ఉంది. ఎస్పనోలాలో 14 తాబేళ్లే మిగిలితే వాటిని కేంద్రానికి తెచ్చి, అమెరికాలోని ఒక జూ నుంచి మరో మగ తాబేలును తెప్పించి సంతతి పెంచారు. పని ముగిశాక 2020లో ఆ 15 తాబేళ్లనూ సొంత దీవికి చేర్చారు. అందుకే మా సామాన్ల జాబితాలో మొదటి పని చెప్పుల అడుగులు కడుక్కోవడం.

5. తమ్ముళ్లకు ఒక మాట

1835లో డార్విన్ అక్కడ ఐదు వారాలు గడిపినప్పుడు అతని వయసు 26. మాకన్నా మూడేళ్లే పెద్ద. అంతటివాడు కూడా ఫించ్ పక్షుల్లో చాలావాటికి ఏ దీవిలో పట్టినదో రాసుకోలేదు. తర్వాత తోటివాళ్లు రాసుకున్న వివరాలు వెతుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి ఏది చూసినా చోటు, తేదీ వెంటనే రాయండి.

ఆ అలవాటుకు గాలాపాగోస్ దాకా పోనక్కర్లేదు. ఆదిలాబాద్ నల్లరేగడి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కను లావా అరిగి ఏర్పడిన మట్టే. రాజమండ్రి దగ్గర పంగిడిలోనూ ఆ కాలపు లావా రాయి ఉంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ చేలో మట్టి ఏ రాయి నుంచి వచ్చిందో అడిగి రాసుకుని రండి. పాస్‌పోర్టు వచ్చేలోగా ఆ నోట్సు సిద్ధంగా ఉంటుంది. మా ఎనిమిది రోజుల కాగితాన్ని హాస్టల్ అట్లాసులో పసిఫిక్ పేజీ దగ్గర పెట్టి ఉంచాం. మాకంటే ముందు ఎవరు వెళ్లినా మాకు సంతోషమే.