బ్రేకులు పట్టేసినప్పుడే పానా పట్టుకోవాలి



సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఓమ్నీ తెల్లారి బాగానే బయల్దేరుతోందనీ, ట్రాఫిక్‌లో పది కిలోమీటర్లు తిరిగేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోయి బండి కదలనంటోందనీ, అరగంట ఆగితే మళ్లీ మామూలవుతోందనీ రాశావు. షెడ్డువాళ్లు షూలు, ప్యాడ్లు, డ్రమ్ములు అన్నీ మార్చేద్దామన్నారట. ఆ డబ్బు తీసే ముందు ఈ నాలుగు మాటలు చదువు.

మారుతీ వ్యాన్ 1984లో వచ్చింది, 1988లో ఓమ్నీ అయింది, 2019లో తయారీ ఆగింది. రోడ్డు మీద కనిపించే ఏ ఓమ్నీ తీసుకున్నా దాని రబ్బరు సామాను పాతబడినట్టే. బ్రేకుల జబ్బులు చాలా ఆ రబ్బరులోనే పుడతాయి.

అసలు, బ్రేకులు పట్టేశాయని డ్రైవర్లు చెప్పేదాంట్లో రెండు వేర్వేరు తేడాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, పట్టిన బ్రేకు వదలకపోవడం. రెండోది, పెడల్ మీద కాలు ఆనీ ఆనకముందే చక్రం లాక్ అయి టైరు జారడం. కారణాలు వేరు, వెతికే చోటు వేరు. నీ బండిది మొదటి రకం.

మాస్టర్ సిలిండర్ లోపల గుండుసూది పట్టేంత సన్నని రంధ్రం ఒకటుంటుంది. కాలు తీయగానే పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తే ఆ రంధ్రం తెరుచుకుని, లైన్లలో మిగిలిన ఆయిల్ డబ్బాలోకి తిరిగొస్తుంది. పిస్టన్ వెంట్రుకవాసి ముందుకు ఆగిపోయినా రంధ్రం మూసుకుపోయినట్టే. బండి నడిచేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక షూలనూ ప్యాడ్లనూ తోస్తుంది, ఆ రాపిడితో ఇంకా వేడెక్కుతుంది. చల్లారితే వదులుతుంది. నువ్వు రాసిన లక్షణాలు అచ్చం ఇవే. ఇక్కడ డ్రమ్ములు మార్చి ఏం లాభం?

బండి పట్టేసి ఉన్నప్పుడే పరీక్ష చెయ్యాలి. చల్లారాక షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్‌కి కనిపించేది బాగున్న బండే. కాబట్టి ఒక పానా, కాసిని నీళ్లు బండిలో ఉంచుకో. చదునైన చోట ఆపి, ఇంజిను కట్టేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టు. ఒక్కో చక్రం మీద నీటి చుక్కలు చల్లు, చేత్తో మాత్రం తాకకు. చుర్రుమన్న చక్రమే దొంగ. అన్నీ చుర్రుమంటే తప్పు చక్రాల దగ్గర లేదు, పైన మాస్టర్ సిలిండర్ దగ్గరుంది.

అప్పుడు మాస్టర్ సిలిండర్‌ని, తొక్కుడు బలాన్ని పెంచే బూస్టర్‌కి పట్టి ఉంచే నట్లు కొద్దిగా వదులు చేయించు. వెంటనే చక్రాలు వదిలితే బూస్టర్ రాడ్డు పొడుగు ఎక్కువైనట్టు, లేదా పెడల్‌కి ఫ్రీ ప్లే లేనట్టు. సరిచేయడానికి సామాను కొననక్కర్లేదు, ఓపిక ఉన్న మెకానిక్ చాలు. వదలకపోతే మాస్టర్ సిలిండర్‌లోనే రబ్బరు వాషర్లు ఉబ్బి ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఎవరో ఇంజిన్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో పోస్తే ఈ పని జరుగుతుంది. గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని డబ్బాలోని ఆయిల్ కొంచెం వేసి కలుపు. డాట్ 3, డాట్ 4 ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. పైన తెట్టులా తేలిందంటే కల్తీ జరిగినట్టే. అప్పుడు ఒక్క మాస్టర్ సిలిండర్ కిట్టుతో సరిపెట్టుకోకూడదు. లైన్లు కడిగించి, చక్రాల దాకా ఉన్న రబ్బరంతా మార్చాల్సిందే. ఈ ఖర్చుకు వెనకాడకు.

ఒక్క చక్రమే పట్టేస్తే ఆ చక్రం దగ్గర ఆయిల్, గాలి తీసే బ్లీడర్ మర విప్పాలి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందా, ఒత్తిడి లోపల చిక్కుకుందన్నమాట. అలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది రబ్బరు హోస్ పైపుని. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. నిలువునా కోసి చూస్తే లోపలి పొర ఊడి, నాలుకలా వేలాడుతూ కనిపిస్తుంది. పెడల్ తొక్కిన జోరుకు ఆయిల్ దాన్ని నెట్టుకుని చక్రానికి వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం ఆ జోరు చాలదు. బ్లీడర్ విప్పినా చక్రం వదలకపోతే అది తుప్పు బాపతు: కాలిపర్ పిస్టన్, పిన్నులు, వెనకైతే వీల్ సిలిండర్ లేదా హ్యాండ్ బ్రేకు కేబుల్. వానాకాలంలో రోజుల తరబడి హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసిన వ్యాన్లలో కేబుల్ తొడుగులోనే బిగుసుకుపోవడం మామూలే.

రెండో రకం నీకు ఇంకా రాలేదు గానీ ఓమ్నీ కొన్నవాడు తెలుసుకోవాలి. వెనక డ్రమ్ము విప్పితే షూ నూనెతో తడిసి ఉంటే అది చిక్కగా ఉందో పల్చగా ఉందో చూడాలి. చిక్కనిదైతే యాక్సిల్ సీలు పోయి హౌసింగ్‌లోని గేర్ ఆయిల్ వస్తోంది. పల్చనిదైతే వీల్ సిలిండర్ కారుతోంది. తడిసిన లైనింగు ఒక్కోసారి జారుతుంది, ఒక్కోసారి గబుక్కున పట్టేస్తుంది. ఖాళీ వ్యాన్‌లో, తడి రోడ్డు మీద వెనక చక్రాలు లాక్ అయితే తోక పక్కకు తిరిగి బండి అడ్డం పడుతుంది. ఓమ్నీకి ఏబీఎస్ లేదు, కాపాడేది ఆ షూల ఆరోగ్యమే. నూనె తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి మళ్లీ బిగిస్తామంటే ఒప్పుకోకు. డ్రమ్ములోని దుమ్ముని గాలితో ఊదనివ్వకు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. రాత్రి వానకు తడిసిన డ్రమ్ము పొద్దున్నే ఒకటి రెండు సార్లు కరకరమని పట్టి వదిలేస్తే అది పైతుప్పు, దానికి కంగారు పడక్కర్లేదు.

ఏం చేయించినా చివర్లో నాలుగు చక్రాలూ జాకీ స్టాండ్ల మీదకు లేపించి, పెడల్ తొక్కి వదిలాక ఒక్కొక్కటీ నీ చేత్తో తిప్పి చూసుకో. అన్నీ హాయిగా తిరిగేదాకా ఆ బండిలో ఎవరినీ ఎక్కించుకోవద్దు నాయనా.

ఇట్లు,
మీ పెదనాన్న