ధ్వనిముద్రణ విద్య: ఒక ప్రవేశ పాఠం

గాయకుడు పాట ముగించి నోరు మూసుకొన్న పిమ్మట ఆ పాట ఎక్కడ ఉన్నది? 1877 వరకు ఈ ప్రశ్నకు లోకంలో ఒక్కటే సమాధానం: విన్నవారి జ్ఞాపకంలో ఉన్నది. ఆ సంవత్సరం అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్థూపం మీద సూదితో గాడి గీయించి, తన గొంతును తానే తిరిగి విన్నాడు. పదేండ్ల తరువాత ఎమిల్ బెర్లినర్ స్థూపానికి బదులు బల్లపరుపు పళ్ళెం వాడి గ్రామఫోనుకు రూపమిచ్చాడు. పళ్ళెం గొప్పతనం ఏమనగా, ఒక అచ్చు తయారైతే దానినుండి వేలకొలది ప్రతులు ఒత్తవచ్చును. గ్రంథానికి అచ్చుయంత్రం ఎట్టిదో పాటకు ఆ పళ్ళెం అట్టిది. కనుకనే ‘ధ్వనిముద్రణ’ అనే మన తెలుగు మాట ఎంతో సార్థకమైనది.

ఈ విద్యను మన కళాశాలలో ఒక ప్రారంభ పాఠ్యక్రమంగా నెలకొల్పవలెనని నా అభిప్రాయం. అందులో ఏమి ఉంటుందో విద్యార్థులకు చెప్పడం, అది ఎందుకు కావలెనో పాలకవర్గం వారికి విన్నవించడం, ఈ రెండూ ఈ వ్యాసంలో కలిసే నడుస్తాయి.

1902లో ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అనే ధ్వనిముద్రకుడు లండను నుండి కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను పట్టాడు. అప్పటికి ధ్వనిముద్రణలో మైక్రోఫోను లేదు. గాయని పెద్ద కొమ్మువంటి గొట్టం ముందు నిలిచి, దాని నోటిలోకి బిగ్గరగా పాడవలెను. ఆ శబ్దబలమే సూదిని కదిలించి మైనపు పలక మీద గాడి చెక్కేది. పది అంగుళాల రికార్డు నిమిషానికి సుమారు 78 చుట్లు తిరిగి మూడు నిమిషాలకు అటూ ఇటుగా ముగిసిపోయేది. గంటసేపు విస్తరించదగిన రాగాన్ని ఆమె ఆ కొలతకు కుదించి, చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. రికార్డులు ఒత్తేది జర్మనీలోని హానోవరులో గనుక, పాడినది ఎవరో అక్కడి పనివారికి తెలియడానికే ఈ ఏర్పాటు.

యంత్రం కళను పట్టుకొనడమే కాదు, కళను మార్చివేస్తుంది కూడాను. ఆనాటి మన కృష్ణా జిల్లాలోని మైలవరం నాటక సమాజంలో పేరుపొందిన కపిలవాయి రామనాథశాస్త్రి గారి కాలపు రంగస్థలాన్ని తలచుకొనండి. పద్యం నాలుగు పాదాలే. దాని వెంట సాగే రాగం మాత్రం ప్రేక్షకుల ‘వన్స్ మోర్’ కేకలను బట్టి ఎంతైనా సాగేది. అదే పద్యం రికార్డుకు ఎక్కినప్పుడు ‘వన్స్ మోర్’ లేదు, మూడు నిమిషాల గీటు దాటరాదు. నేడు పాత రికార్డులు విని ‘ఆనాటివారు ఇంత క్లుప్తంగా పాడేవారు’ అనుకొనేవారు గాయకుని కాదు, పళ్ళెం వ్యాసాన్ని కొలుస్తున్నారు.

1925 ప్రాంతంలో మైక్రోఫోనుతో విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చింది. చివరి వరుస ప్రేక్షకునికి వినిపించేటట్లు గొంతెత్తవలసిన అవసరం తొలగింది. గుడివాడ సమీపాన చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారి గానం ఈ మార్పుకు మంచి నిదర్శనం. ఆయనకు పద్యనాటకపు గాంభీర్యమూ తెలుసు, మైకు ముందు గుసగుస స్థాయికి గొంతు దించడమూ తెలుసు. ఆ రెండవది గ్రామఫోను కొమ్ము ముందు అసాధ్యం.

ఇక శాస్త్రాంశానికి వద్దాం. ధ్వని అనగా గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గుల తరంగం. ఆరోగ్యవంతమైన యువకుని చెవి సెకనుకు 20 నుండి 20,000 వరకు కంపనాలను వినగలదు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మన మే నెల 40 డిగ్రీలలో 355కు చేరుతుంది. ఇది కేవలం పరీక్షలో వ్రాయడానికి పనికివచ్చే అంకె కాదు. ఎండ పెరిగిన కొద్దీ వేణువు శ్రుతి పైకి పోతుంది, లోహపు తీగలు వేడికి సాగి వీణ శ్రుతి క్రిందికి జారుతుంది. ఉదయం శ్రుతి కలిపిన ఇద్దరు మధ్యాహ్నానికి విడిపోవడానికి కారణం మనస్పర్థ కాదు, భౌతికశాస్త్రం!

మైక్రోఫోను చేసే పని ఈ ఒత్తిడిని విద్యుత్తుగా మార్చడం. డైనమిక్ మైకులో పలుచని పొరకు అంటించిన తీగచుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది. ఇది మోటు పనికి ఓర్చుకొంటుంది. కండెన్సరు మైకులో పొర, దాని వెనుక లోహఫలకం, వీటి మధ్య ఎడం మారడం వలన విద్యుత్ సంకేతం పుడుతుంది. ఇది సూక్ష్మధ్వనులను పట్టగలదు గాని తేమకు, దెబ్బకు సున్నితం. బహిరంగస్థలంలో దూరం రెట్టింపు అయితే ధ్వని ఆరు డెసిబెల్లులు తగ్గుతుంది. కనుక మైకును ఒక అడుగు నుండి అరడుగుకు జరపడం ఖరీదైన యంత్రం కొనడంకంటె ఎక్కువ ఫలితం ఇవ్వవచ్చును. అయితే ఏకదిశా మైకుకు మరీ దగ్గరైతే మంద్రధ్వని అతిగా ఉబ్బుతుంది.

గది సంగతి ఇంకా ముఖ్యం. సిమెంటు గోడల తరగతిగదిలో మాట గోడనుండి గోడకు తగిలి రొద అవుతుంది. బొంతలు, పరుపులు, పుస్తకాల అరలు తారస్థాయి ప్రతిధ్వనిని మ్రింగుతాయి. కాని మంద్రధ్వనిని ఆపలేవు. విజయవాడ జంక్షనుకు వచ్చిపోయే గూడ్సుబండి ఘోష బొంత దాటి వస్తుంది. గోడలకు కోడిగ్రుడ్ల అట్టలు అంటిస్తే బయటి శబ్దం రాదనే నమ్మకం ఒకటి మన ఊళ్ళలో బలంగా ఉన్నది; అది వట్టి భ్రమ. రోడ్డుకు దూరమైన గది, ఫాను లేకుండా కూర్చోగల తెల్లవారుజాము, ఇవే బీదవాని స్టూడియో.

అభ్యాసానికి బుర్రకథకంటె మంచి పాఠం నాకు తోచడం లేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ గారు ఈ కళకు ఎట్టి ప్రాణం పోశారో మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1986లో పద్మశ్రీ వారిని వరించింది. నడుమ కథకుడు తంబురా మీటుతూ, వ్రేలి అందెలు మ్రోయిస్తూ, ముందుకూ వెనుకకూ అడుగులు వేస్తూ పాడతాడు. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయిస్తూ అందుకొంటారు. ఒక్క మైకు దూరంగా పెడితే డక్కీ మాటను మ్రింగుతుంది. మూడు మైకులు దగ్గరగా పెడితే ఒకరి గొంతు మూడింటిలోను స్వల్పకాలభేదంతో చేరి బోలుగా ధ్వనిస్తుంది. అందుకే గాయకునికి మైకుకు ఎంత దూరమో, మైకుకు మైకుకు దానికి మూడింతలైనా ఉండవలెనని ఒక మోటు సూత్రం. నాదస్వరానిది మరొక సమస్య. కరవదిలో జన్మించి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబు గారి వాద్యాన్ని, లేదా 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతుల వాద్యాన్ని శ్రద్ధగా వినండి. నాదం క్రింది మూతినుండి మాత్రమే రాదు, వ్రేళ్ళ రంధ్రాలన్నిటినుండి వస్తుంది. మూతిలో మైకు పెట్టినవానికి కేక దక్కుతుంది, గమకం దక్కదు.

విజయవాడలో ఈ విద్యకు అసలైన పాఠశాల ఆకాశవాణి. 1948 డిసెంబరు 1న ఇక్కడి కేంద్రం ప్రారంభమైనది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు అక్కడ పనిచేస్తూ ‘భక్తిరంజని’ని నడిపిన సంగతి, బాలాంత్రపు రజనీకాంతరావు గారి లలితసంగీత సేవ డెల్టా అంతటా తెలిసినవే. తొలినాళ్ళలో రేడియో కార్యక్రమాలు ఎక్కువగా ప్రత్యక్ష ప్రసారాలే; పాట అప్పుడే పుట్టి అప్పుడే పోయేది. అయస్కాంతపు టేపు వచ్చిన తరువాతనే నిలువ సాధ్యమైనది. ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడి పూత, అంతే. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో 1,200 అడుగుల చుట్ట 32 నిమిషాలు వస్తుంది. తప్పు వచ్చినచోట బ్లేడుతో కోసి అతికించేవారు. నేడు కంప్యూటరు తెర మీద చేసే కూర్పు పని అంతా ఆ బ్లేడు పనికి వారసురాలే.

నేటి అంకరూప ధ్వనిముద్రణ తరంగాన్ని సెకనుకు ఇన్నిసార్లు కొలిచి అంకెలుగా వ్రాస్తుంది. వినదగిన గరిష్ఠ కంపనసంఖ్యకు రెట్టింపుకంటె ఎక్కువసార్లు కొలవవలెను గనుక, 1982లో విపణికి వచ్చిన కాంపాక్టు డిస్కుకు 44,100 అనే సంఖ్యను, ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లను నిర్ణయించారు. ఈ లెక్కన రెండు చానళ్ళ ఒక నిమిషపు పాటకు 1,05,84,000 బైట్లు కావలెను. సాధారణపు ఎం.పీ.త్రీ దానిని పదకొండవ వంతుకు కుదిస్తుంది. పాట పోలికకు అదే పాట. కాని తంబురా మ్రోత అడుగంటే చోట శ్రద్ధగా వింటే నష్టం తెలుస్తుంది. కనుక పంపడానికి కుదించిన ప్రతి, దాచడానికి కుదించని ప్రతి. మరొక్క హెచ్చరిక: టేపు కొంత అతిధ్వనిని సహించేది, అంకెల యంత్రం సహించదు. గరిష్ఠస్థాయికి పది డెసిబెల్లులు క్రిందనే ఉంచి పట్టండి. చాలా ఫోన్లు మెల్లని ధ్వనిని తామే పెంచి, పెద్ద ధ్వనిని తామే అణచివేస్తాయి. ఆ సదుపాయాన్ని ఆపగలిగితే ఆపవలెను.

ఇక పాలకవర్గం వారికి నా విన్నపం. మైనారిటీ కళాశాలలో సంగీత యంత్రాల చదువు ఎందుకని కొందరు పెద్దలకు సందేహం కలుగవచ్చు. ఇందులో నేర్పేది పాట కాదు, శబ్దాన్ని కొలిచి భద్రపరచే విధానం. అది వచ్చినవాడు ఖిరాతునైనా, ముషాయిరానైనా, పాఠ్యాంశాన్నైనా నిర్దుష్టంగా పట్టగలడు. పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో ఈ విద్య నేర్చిన కేరళవాసి రసూల్ పూకుట్టి 2009లో ఆస్కారు అందుకొన్నాడు. ఎ.ఆర్. రెహమాన్ 2008లో మద్రాసులో స్థాపించిన సంగీత విద్యాలయంలో ధ్వనిశాస్త్రం కూడా బోధిస్తున్నారు. మనకు అంతటి భవనం అక్కరలేదు. ముప్పది గంటల బోధన, దానికి రెట్టింపు అభ్యాసం, వెనుకవైపు గది ఒకటి, రెండు మైకులు, ఒక రికార్డరు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఒక కంప్యూటరు చాలును.

బాలికలను తప్పక చేర్చుకొనవలెను. పెండ్లిండ్లలో మన స్త్రీలు పాడే ఢోలక్ గీతాలు, తెలుగు పలుకుబడి కలిసిన మన డెల్టా ఉర్దూలో ముసలమ్మలు చెప్పే కథలు, ఇవి మగపిల్లవాడు మైకు పట్టుకొని పోగల చోట లభించవు. పాడినవారి అనుమతి లేనిదే ఆ పాట ఇల్లు దాటరాదన్నది మొదటి తరగతిలోనే చెప్పవలసిన నియమం. ప్రతి ముద్రణకు ఒక కాగితం జతపరచవలెను: పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరివద్ద నేర్చుకొన్నారు, ఎవరెవరు వినవచ్చును. పీర్ల పండుగలో అలావా చుట్టూ హిందూ ముస్లిములు కలిసి పాడే తెలుగు పాటలకూ ఇదే పద్ధతి. పేరులేని పాటను పదేండ్ల తరువాత ఎవరూ గుర్తుపట్టలేరు.

తొందర పడవలసిన కారణం వేరొకటి ఉన్నది. మన ఇండ్లలో కవ్వాలీలు, బుర్రకథలు, తాతల మాటలు నిండిన క్యాసెట్లు అటకల మీద ఉన్నవి. 1963లో ఫిలిప్సు వారు ప్రవేశపెట్టిన ఈ చిన్నపెట్టె డెల్టా తేమకు తాళలేదు. పూతను పట్టిన జిగురు చెడి, పొడి రాలిపోతుంది. వాటిని ప్రతి తీయడమే మొదటి తరగతికి మొదటి పని కావలెను. ముందు క్యాసెట్టును ఒకసారి పూర్తిగా ముందుకు, వెనుకకు చుట్టండి. యంత్రపు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో తుడవండి. పట్టీ అంచున తెల్లని బూజు కనిపిస్తే మాత్రం దానిని యంత్రంలో పెట్టవద్దు. ఆ బూజు హెడ్డుకు అంటుకొని తరువాతి క్యాసెట్టుకు ప్రాకుతుంది. అట్టివాటిని వేరొక పెట్టెలో, పొడిగాలి తగిలే చోట ఉంచి, శుభ్రపరచడం తెలిసినవారికి అప్పగించవలెను.