మస్ట్, షుడ్, మే: పిల్లలకు మాట బరువు నేర్పే పాఠం

విద్యా సంవత్సరం మొదలయ్యే రోజుల్లో దాతలకు, సంస్థలకు సాయం కోరుతూ విద్యార్థుల ఉత్తరాలు వస్తుంటాయి. వాటిలో కొన్ని ఇంగ్లీషులో ఉంటాయి. అలాంటి ఉత్తరాల్లో "యు మస్ట్ హెల్ప్ మి" వంటి వాక్యం ఎదురైతే చదివే పెద్దమనిషి మనసు కాస్త చివుక్కుమంటుంది. ఈ పిల్లవాడు అడుగుతున్నాడా, ఆజ్ఞాపిస్తున్నాడా అనిపిస్తుంది. నిజానికి రాసినవాడి మనసులో ఉన్నది "మీరు నాకు సాయం చేయాలి" అనే తెలుగు వాక్యం. తెలుగులో అది వేడుకోలు. "మా అమ్మాయి నిఖాకు మీరు తప్పకుండా రావాలి" అంటే ఎవరికీ ఆజ్ఞలా వినిపించదు, ఆప్యాయతే వినిపిస్తుంది. అదే "ఆలి"ని ఇంగ్లీషులో "మస్ట్" చేసి సాయం అడిగితే మర్యాద పోయి హుకుం మిగులుతుంది.

ఇలాంటి చిన్న మాటలను ఇంగ్లీషు వ్యాకరణంలో మోడల్ వెర్బ్స్ అంటారు. ముఖ్యమైనవి తొమ్మిది: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. పని చేయగలమా, చేయవచ్చా, చేసి తీరాలా, జరుగుతుందని మనకు ఎంత నమ్మకం ఉంది అనే సంగతులను ఇవి చెప్తాయి. మర్యాద, బాధ్యత, నమ్మకం మూడింటినీ ఇంగ్లీషు చాలావరకు ఈ తొమ్మిది మాటల్లోనే దాచుకుంది. మన పిల్లలకు వీటిని పట్టికగా బట్టీ పట్టించకుండా, వాళ్లకు ఇంట్లో, మదరసాలో ఇప్పటికే తెలిసినదాని నుంచి నేర్పవచ్చు. ఇవి పట్టుబడితే వ్యాసరచనకు కూడా దారి దొరుకుతుంది.

ఇంటి భాషే మొదటి మెట్టు

తెలుగులో "వచ్చు" అనే ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. "నాకు ఈత వచ్చు" అంటే సామర్థ్యం, ఇంగ్లీషులో కెన్. "నువ్వు ఇంటికి వెళ్లవచ్చు" అంటే అనుమతి, మే. "సాయంత్రం వాన రావచ్చు" అంటే ఊహ, మే లేదా మైట్. "ఆలి" కూడా అంతే. "అతను ఇంట్లో ఉండాలి" అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఇంట్లోనే ఉండి తీరాలన్నది ఒకటి, ఈపాటికి ఇంట్లో ఉండే ఉంటాడన్నది రెండోది. ఇంగ్లీషు మస్ట్‌కు కూడా సరిగ్గా ఈ రెండు అర్థాలే ఉన్నాయి. ఈ పోలిక చూపిస్తే పిల్లలకు భయం సగం తగ్గుతుంది. ఇదేదో పరాయి వింత కాదని, తాము రోజూ చేసే పనేనని తెలుస్తుంది.

ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లల సంగతి కూడా చూడాలి. "మేరెకు ఛాయ్ హోనా" అనడం మన ఇళ్లలో మామూలు. అందులో మోటుతనం లేదు. అదే మాటను "ఐ వాంట్ టీ" అని పరాయి ఇంట్లో అంటే ఇంగ్లీషు చెవికి మొరటుగా తగులుతుంది. అక్కడ "కుడ్ ఐ హావ్ సమ్ టీ" అనో, "ఐ వుడ్ లైక్ సమ్ టీ" అనో అనాలి. కుడ్, వుడ్ అనేవి కెన్, విల్‌లకు భూతకాల రూపాలని మాత్రమే చెప్పి వదిలేస్తే పిల్లలకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అడిగేటప్పుడు అవి ఒక అడుగు వెనక్కి తగ్గి నిలబడే మాటలు.

సాయం కోరే ఉత్తరానికి కూడా మందు తెలుగులోనే ఉంది. మన పెద్దలు అర్జీల్లో "సహాయం చేయగలరని మనవి" అని రాసేవారు. "చేయాలి" నుంచి కాకుండా "చేయగలరని" నుంచి అనువదించమని పిల్లవాడికి చెప్పండి. "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ హెల్ప్ మి" అనే వాక్యం దానంతట అదే వస్తుంది.

ఉపవాసం నేర్పే ఆరు మెట్లు

మదరసాలో చదివే పిల్లలకు ఫర్జ్, ముస్తహబ్, ముబాహ్, మక్రూహ్, హరామ్ అనే ఐదు మాటలు చిన్నప్పుడే తెలుస్తాయి. ఏ పని ఎంత తప్పనిసరి, ఎంత వద్దు అని తూచే త్రాసు అది. ఇంగ్లీషు క్లాసులో ఆ త్రాసునే ముందు పెట్టవచ్చు. ఒక్క ఉపవాసం నుంచే ఉదాహరణలన్నీ దొరుకుతాయి.

1. ఆరోగ్యంగా ఉన్న వయోజన ముస్లిం రమజాన్ ఉపవాసాలు ఉండి తీరాలి. ఇది మస్ట్.

2. షవ్వాల్ నెలలో ఆరు ఉపవాసాలు ఉండటం మంచిది. ఇది షుడ్. సలహా ఉంది, బలవంతం లేదు.

3. ఇఫ్తార్‌లో ఇష్టమైన ఏ హలాల్ పండైనా తినవచ్చు. ఇది మే.

4. ఉపవాసంలో ఉండి, అవసరం లేకుండా వంట రుచి చూడటం బాగుండదు. ఇది షుడ్ నాట్.

5. ఈద్ రోజున ఉపవాసం ఉండకూడదు. ఇది మస్ట్ నాట్.

6. ప్రయాణంలో ఉన్నవారు, జబ్బుపడినవారు ఆ రోజు ఉపవాసం ఉండనక్కర్లేదు. ఇది నీడ్ నాట్. తర్వాత ఆ లెక్క పూర్తి చేయాలి కాబట్టి మళ్లీ మస్ట్ వస్తుంది.

వీటి మధ్య వాజిబ్, సున్నత్ వంటి మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ సూక్ష్మాలు ఆలిమ్‌లు చెప్పవలసినవి. భాషా పాఠానికి ఈ ఆరు చాలు.

ఐదో వాక్యానికీ ఆరో వాక్యానికీ ఉన్న తేడా దగ్గర ఉపాధ్యాయుడు ఆగి సమయం పెట్టాలి. "ఉండకూడదు", "ఉండనక్కర్లేదు" అనే మాటల తేడా తెలుగు పిల్లలెవరికైనా తెలుసు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండింటికీ మస్ట్ నాట్ వాడేస్తారు. "ఈ మాత్ర పరగడుపున వేసుకోకూడదు", "ఈ మాత్ర పరగడుపునే వేసుకోనక్కర్లేదు" అన్న రెండు వాక్యాలను నల్లబల్ల మీద పక్కపక్కన రాసి చూపిస్తే, వ్యాకరణం ఎందుకు నేర్చుకోవాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఒప్పంద పత్రంలో ఒక్క మాట

కడప జిల్లా నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు మన కుటుంబాల్లో, మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. వెళ్లేముందు వాళ్లు సంతకం చేసే కాగితాల్లో ఇంగ్లీషు ఉంటుంది. "ద కంపెనీ షల్ ప్రొవైడ్ అకామడేషన్" అని ఉంటే బస ఇవ్వడం కంపెనీ బాధ్యత. "ద కంపెనీ మే ప్రొవైడ్ అకామడేషన్" అని ఉంటే అది కంపెనీ ఇష్టం. ఇస్తే ఇస్తుంది, లేకపోతే గది అద్దె జీతంలోంచే కట్టుకోవాలి. మామూలు మాటల్లో షల్ ఇప్పుడు అంతగా వినిపించదు. ఒప్పందాల్లో మాత్రం దాని బరువు తగ్గలేదు. పదో తరగతి చదివే కొడుకో కూతురో తండ్రి కాగితంలో షల్ ఎక్కడుందో, మే ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే, ఆ ఇంటికి ఆ చదువు అక్కరకు వచ్చినట్టే.

తరచూ దొర్లే పొరపాట్లు

రూపానికి సంబంధించిన తప్పులు కొన్నే ఉన్నాయి. త్వరగా దిద్దవచ్చు.

"ఐ కెన్ ఏబుల్ టు స్పీక్" అంటారు. కెన్ ఉంటే ఏబుల్ టు అక్కర్లేదు. "ఐ కెన్ స్పీక్" చాలు.

"యు మస్ట్ టు గో" అంటారు. ఈ తొమ్మిది మాటల తర్వాత టు రాదు. "యు మస్ట్ గో" అనాలి.

"హీ కెన్స్" అంటారు. వీటికి చివర ఎస్ చేరదు. ఐ కెన్, హీ కెన్, దే కెన్ అన్నీ ఒకటే.

నిన్న వెళ్లవలసి వచ్చిందని చెప్పడానికి మస్ట్ పనికిరాదు. "ఐ హ్యాడ్ టు గో" అనాలి.

"ద మీటింగ్ వుడ్ బి హెల్డ్ టుమారో" అని ఆఫీసు ఉత్తరాల్లో సైతం కనిపిస్తుంది. ఖాయమైన సమావేశానికి విల్ చాలు. వుడ్ అంటే జరుగుతుందో లేదో అన్న అనుమానం వస్తుంది.

వ్యాసం దగ్గరికి వస్తే

మన పిల్లలు చాలామంది వ్యాసాన్ని గైడు నుంచి బట్టీ పట్టి రాస్తారు. అడిగిన ప్రశ్న కొద్దిగా మారితే కలం ఆగిపోతుంది. ఇంగ్లీషులో ఎస్సే అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దానికి ప్రయత్నమని అర్థం. 1580లో మాంటెయిన్ తన రచనలకు ఆ పేరు పెట్టాడు. ఒక ప్రశ్నను తీసుకుని అటూ ఇటూ తూచి చూసే ప్రయత్నమే వ్యాసం. తూచడానికి కావలసిన రాళ్లు ఈ మోడల్ వెర్బ్స్.

విదేశాల్లో చదువుకు, నర్సు ఉద్యోగాలకు వెళ్లాలనుకునేవారు రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో రెండో రచనా ప్రశ్నకు కనీసం 250 పదాల వ్యాసం రాయాలి. అందుకు 40 నిమిషాలు కేటాయించుకోమంటారు. ఒక అభిప్రాయం ఇచ్చి, దానితో ఎంతవరకు ఏకీభవిస్తారని అడగడం అక్కడ మామూలు. "ఎంతవరకు" అన్నదానికి జవాబు చెప్పాలంటే అన్ని వాక్యాల్లోనూ మస్ట్, విల్ వేస్తే కుదరదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రశ్న: ఇంటర్ తర్వాత ఆడపిల్లలు చదువు కోసం వేరే ఊరికి వెళ్లాలా? మొదటిసారి రాసేటప్పుడు విద్యార్థిని ఇలా రాస్తుంది:

"పేరెంట్స్ మస్ట్ సెండ్ దెయిర్ డాటర్స్. దే విల్ గెట్ గుడ్ జాబ్స్. దేర్ విల్ బి నో ప్రాబ్లమ్."

తల్లిదండ్రులు పంపి తీరాలి, మంచి ఉద్యోగాలు వస్తాయి, ఏ ఇబ్బందీ ఉండదు అని అర్థం. వ్యాకరణంలో తప్పు లేదు. కానీ దీన్ని ఆమె తండ్రి చదువుతున్నాడనుకోండి. ఉద్యోగం వస్తుందని హామీ ఎవరిచ్చారు? ఇబ్బంది ఉండదని నీకెలా తెలుసు? ఈ రెండు ప్రశ్నలతో వ్యాసం కూలిపోతుంది. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో కొట్టివేయకుండా ఆ ప్రశ్నలనే అడగాలి. అప్పుడు వాక్యాలు ఇలా మారతాయి:

"ఎ డిగ్రీ మే హెల్ప్ హర్ గెట్ ఎ గుడ్ జాబ్." డిగ్రీ ఉంటే మంచి ఉద్యోగానికి తోడ్పడవచ్చు.

"ట్రావెల్ కెన్ బి డిఫికల్ట్, సో గర్ల్స్ ఫ్రమ్ వన్ టౌన్ కుడ్ ట్రావెల్ టుగెదర్." ప్రయాణం ఒక్కోసారి కష్టం కావచ్చు, కాబట్టి ఒకే ఊరి అమ్మాయిలు కలిసి వెళ్లవచ్చు.

"పేరెంట్స్ షుడ్ విజిట్ ద హాస్టల్ ఫస్ట్." తల్లిదండ్రులు ముందుగా హాస్టల్ చూసి రావడం మంచిది.

"ద కాలేజ్ మస్ట్ కీప్ ద హాస్టల్ సేఫ్." హాస్టల్‌ను భద్రంగా ఉంచడం కాలేజీ బాధ్యత, అందులో మినహాయింపు లేదు.

మస్ట్ ఇప్పుడు ఒక్కసారే వచ్చింది. తల్లిదండ్రుల మీద నుంచి దిగి, ఎవరి మీద ఉండాలో వారి మీదే పడింది. కష్టం ఉందని ఒప్పుకుని, దానికి దారి చూపింది కాబట్టి తండ్రి రెండో వ్యాసాన్ని చివరిదాకా చదువుతాడు. కాగితం మీద ఇలా తూచి రాయడం వచ్చిన అమ్మాయికి, రేపు ఇంట్లో తన చదువు సంగతి మాట్లాడవలసి వస్తే తెలుగులోనైనా దక్కనీలోనైనా మాట తడబడదు.

తరగతిలో క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. ముందు ప్రశ్న మీద పిల్లలను ఇంటి భాషలోనే మాట్లాడనివ్వాలి. తర్వాత ప్రతి అంశం పక్కన అది ఖాయమా, చాలావరకు నిజమా, కావచ్చునా అని గుర్తు పెట్టించాలి. ఆ గుర్తును బట్టి మోడల్ వెర్బ్ ఎంచుకోనివ్వాలి. ఆపైన వాక్యాలు, వాక్యాల నుంచి పేరాలు. దిద్దేటప్పుడు అన్ని తప్పులూ ఒకేసారి దిద్దకూడదు. ఈ వారం మాట బరువు, వచ్చే వారం పేరా కూర్పు. దిద్దిన వ్యాసాన్ని తప్పనిసరిగా మళ్లీ రాయించాలి. నేర్చుకోవడం ఎక్కువగా ఆ రెండోసారి రాయడంలోనే జరుగుతుంది.

దాతలకు మనవి

పుస్తకాలు, ఫీజులు ఇవ్వడంలో మన సమాజం ఎప్పుడూ ముందుంది. వ్యాసరచనకు కావలసిన ఖర్చు మాత్రం కంటికి కనిపించదు. ఒక వ్యాసాన్ని శ్రద్ధగా చదివి దిద్దడానికి 10 నిమిషాలు అనుకుంటే, 30 మంది పిల్లలకు 300 నిమిషాలు, అంటే 5 గంటలు. తరగతిలో చెప్పే గంటకు ఉపాధ్యాయుడికి గౌరవ వేతనం ఇస్తాం. ఈ 5 గంటలకు ఎవరూ లెక్క కట్టరు. అందుకే పిల్లల నోటు పుస్తకాలు దిద్దకుండా మిగిలిపోతాయి. సాయంత్రపు తరగతులకు విరాళమిచ్చేవారు ఆ దిద్దే గంటలను కూడా తమ ఖాతాలో చేర్చుకోగలరు. ఇంగ్లీషు బాగా తెలిసిన ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు వారానికి పది వ్యాసాలు చదివిపెట్టినా అది సదఖాయే.

ఇక "యు మస్ట్ హెల్ప్ మి" అని రాసిన ఆ ఉత్తరం. దాన్ని పక్కన పడేయకండి. పిల్లవాడి అవసరం నిజమా కాదా అన్నది విచారించండి. సాయం చేసినా చేయలేకపోయినా, జవాబులో ఆ వాక్యాన్ని ఎలా రాయాలో ఒక్క వరుసలో చూపించండి. రేపు అదే అబ్బాయి ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు ఆ వరుస అతనికి పనికొస్తుంది.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, మాటలో మర్యాదను ప్రసాదించుగాక. ఆమీన్.