తాడు లాగినా అందుకోని ఇంజిన్

ప్రశ్న: నాలుగు నెలలు కొట్టంలో ఉంచిన పవర్ వీడర్ ఇప్పుడు ఎన్నిసార్లు తాడు లాగినా స్టార్ట్ కావడం లేదు. కొత్త ప్లగ్ వేసినా ఫలితం లేదు. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు: నెలల తరబడి పక్కన పెట్టిన ఇంజిన్ విషయంలో మొదట అనుమానించవలసినది ట్యాంకులో మిగిలిన పెట్రోలునే. త్వరగా ఆవిరై మంటను అందుకునే తేలిక భాగం ముందే ఎగిరిపోగా, మిగిలినది జిగురుకట్టి, కార్బొరేటర్‌లోని జెట్‌ను, అంటే సన్నని రంధ్రం గుండా పెట్రోలును లెక్క ప్రకారం గాలిలోకి వదిలే ఇత్తడి ముక్కను, పూడ్చివేస్తుంది. పైగా నేడు దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు కలుస్తున్న ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది; ఆ నీరు హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది, ఇంజిన్‌కు పోయే గొట్టం కూడా అడుగునే ఉంటుంది కనుక ముందుగా అందేది ఆ మండని ద్రవమే.

నిర్ధారణకు, చోక్ వేసి నాలుగైదుసార్లు తాడు లాగిన వెంటనే ప్లగ్ విప్పి చూడాలి. అది పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావడం లేదని, తడిసి ఉంటే పెట్రోలు వస్తున్నా నిప్పురవ్వ పుట్టడం లేదని, లేదా చోక్ అతిగా వాడడం వల్ల పెట్రోలు మితిమీరి చేరిందని అర్థం. పొడిగా కనబడితే కార్బొరేటర్ కింది గిన్నె విప్పి, పాత పెట్రోలును డబ్బాలోకి వంపి, జెట్‌ను క్లీనర్ స్ప్రేతోనూ, కరెంటు తీగలోని ఒక్క రాగి పోగుతోనూ శుభ్రం చేయాలి. ఉక్కు సూది గుచ్చితే మెత్తని ఇత్తడి రంధ్రం పెద్దదై, ఇంజిన్ అప్పటినుంచి అవసరానికి మించి పెట్రోలు తాగుతుంది. కార్బొరేటర్ స్క్రూలను తోచినట్లు తిప్పడం ఉన్న లోపానికి మరొకటి చేర్చడమే. అయినా చాలా షెడ్లలో పని మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: టూ స్ట్రోక్ స్ప్రేయర్ పొగ ఎక్కువ వదులుతూ, బలం తగ్గిపోయింది. ఆయిల్ ఎంత కలపాలి?

జవాబు: టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్‌కు వేరే గది ఉండదు, పెట్రోలులో కలిపినదే పిస్టన్‌కు జారుడునిస్తుంది. 25:1 అని యంత్రం మీద రాసి ఉంటే లీటరుకు 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. టూటీ ఆయిల్ కలపాలి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ‘మంచిదే కదా’ అని ఎక్కువ పోస్తే మసి గట్టిపడి సైలెన్సర్ దారిని మూసి, ఇంజిన్‌కు ఊపిరాడనివ్వదు. ఇక్కడి లక్షణాలు రెండోదాన్నే సూచిస్తున్నాయి కనుక సైలెన్సర్ విప్పి మసిని కర్రపుల్లతో గీకి తీయాలి.

ప్రశ్న: నీటి పంపు ఇంజిన్ పావుగంట నడిచి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఎందుకు?

జవాబు: ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి ప్రవాహం నిలిచిపోతుంది. ఆగిన వెంటనే మూత వదులు చేయగానే ఇంజిన్ అందుకుంటే కారణం తేలినట్లే. రంధ్రం శుభ్రం చేసి మూత మళ్లీ బిగించాలి, ఎందుకంటే వదులు మూతతో నడిపితే కుదుపులకు చిందిన పెట్రోలు వేడి సైలెన్సర్ మీద పడి అంటుకోవచ్చు.