నక్షత్రాల నడకను ఎవరు చూశారు?

మేము సాయంకాలం నడిపే తరగతిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “నక్షత్రాలు కదులుతాయని పుస్తకంలో ఉంది. ఎవరు చూశారు సార్?” రాత్రంతా చుక్కలు తూర్పు నుంచి పడమరకు జరగడం భూమి తిరగడం వల్ల కనిపించేదే. ఆమె అడిగింది ఒక నక్షత్రం తన పొరుగు నక్షత్రాల మధ్య నుంచి నిజంగా జరిగిపోవడం గురించి. అప్పటికి ఏదో చెప్పి పంపాం గాని, ఆ జవాబు మాకే తృప్తినివ్వలేదు. అందుకే ఈ పాఠం.

పదో శతాబ్దంలో పర్షియాలో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ రాసిన ప్రసిద్ధ గ్రంథం పేరే ‘స్థిర నక్షత్రాల గ్రంథం’. 1437 నాటికి సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ వెయ్యికి పైగా తారల స్థానాలను కొత్తగా కొలిపించి పట్టిక తయారు చేయించాడు. తారలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నచోటే ఉంటాయన్నది అప్పటి పండితులందరి అభిప్రాయం. వారిని తప్పుపట్టలేం. ఒక మనిషి జీవితకాలంలో ఆ తేడా కంటికి ఆనదు.

1718లో ఎడ్మండ్ హేలీ ప్రాచీన గ్రీకుల పట్టికలను తన కాలపు కొలతలతో పోల్చాడు. స్వాతి, రోహిణి, మృగవ్యాధుడు అనే మూడు తారలు పాత చోట లేవు. (రోహిణికి ప్రపంచమంతా వాడే పేరు ఆల్డెబరాన్. ‘వెంట నడిచేది’ అని అర్థమిచ్చే అరబీ మాట అది.) ఒక్క స్వాతి లెక్కే చూద్దాం. రమారమి 1850 ఏళ్లలో అది పౌర్ణమి చంద్రుని వెడల్పుకు రెండింతలకు పైగా జరిగింది. పాతవారు రాసిపెట్టకపోతే హేలీకి తెలిసే దారి లేదు.

ఈ జరుగుడును కోణ సెకన్లలో కొలుస్తారు. ఈ సెకనుకు గడియారంతో సంబంధం లేదు. డిగ్రీలో 3600వ వంతు. రెండున్నర సెంటీమీటర్ల నాణేన్ని ఐదు కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో, ఒక కోణ సెకను అంత. ఎక్కువ నక్షత్రాలు ఏడాదికి అందులో వందో వంతు కూడా జరగవు. కాబట్టి కొలిచేవారు చేయగలిగింది ఒక్కటే. ఈరోజు ఫోటో తీసి భద్రపరచాలి, చాలా ఏళ్లకు మళ్లీ తీయాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక్కడే మన హైదరాబాద్ ప్రస్తావన వస్తుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పారు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, తరువాత బేగంపేటకు మారింది. అదే నిజామియా వేధశాల. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫోటోలు తీసే అంతర్జాతీయ పథకంలో సుమారు ఇరవై వేధశాలలు పాల్గొన్నాయి. వేరేవాళ్లు పూర్తిచేయలేక వదిలేసిన భాగాలు మనవాళ్లకు దక్కాయి. 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో గాజు పలకల మీద బొమ్మలు తీసి, ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి, 12 సంపుటాలు అచ్చువేశారు. సంచాలకులు పోకాక్, టి.పి. భాస్కరన్ల కాలంలో ఏళ్ల తరబడి సాగిన పని ఇది. అయితే ఇన్ని తారల నడక కట్టాలంటే చాలా ఏళ్ల తరువాతి రెండో కొలత కూడా కావాలి. 

ఆ రెండో కొలత 1989-93 మధ్య హిప్పార్కస్ ఉపగ్రహం నుంచి వచ్చింది. హైదరాబాద్ పలకలతో సహా ఆ పథకం కొలతలన్నిటినీ, మరెన్నో పాత పట్టికలనూ ఉపగ్రహం కొలతలతో కలిపి, 2000లో టైకో-2 పట్టికను తెచ్చారు. అందులో 25 లక్షల నక్షత్రాల నడక ఉంది.

అయితే పక్కకు జరిగే నడక సగం కథే. దగ్గరున్నది కొంచెం నడిచినా, దూరాన ఉన్నది పరుగెత్తినా మనకు ఒకేలా కనిపించవచ్చు. అందుకని దూరం కావాలి. బొటనవేలు ముఖం ముందు పెట్టి ఒక్కో కన్ను మూసి చూడండి, వేలు అటూ ఇటూ గెంతుతుంది. భూమి సూర్యుడికి ఒక వైపు ఉన్నప్పుడు ఒకసారి, ఆరునెలలకు రెండో వైపు చేరాక ఒకసారి చూస్తే దగ్గరి తార కూడా అలాగే గెంతుతుంది. ఆ గెంతును 1838లో బెస్సెల్ కొలిచి దూరం కట్టాడు.

మన వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నది వెలుగు చెబుతుంది. దగ్గరకు వచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే నల్లని గీతలు, అది మన వైపు వస్తుంటే నీలం వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. దీనికి ఏళ్లు ఆగనక్కరలేదు, ఒక్క రాత్రి చాలు.

బర్నార్డ్ నక్షత్రాన్ని తీసుకుందాం. ఏడాదికి పది కోణ సెకన్లకు పైగా జరుగుతుంది. అన్నిటికంటే వేగంగా జరుగుతున్నట్లు కనిపించే తార ఇదే. దూరం సుమారు ఆరు కాంతి సంవత్సరాలు. ఈ రెండింటితో లెక్కకడితే పక్కకు సెకనుకు దాదాపు 90 కిలోమీటర్లు. మన వైపు వచ్చే వేగం 110. రెండూ కలిసిన అసలు వేగం సుమారు 142. (90, 110ల వర్గాలు కూడి వర్గమూలం తీయమంటే మా పిల్లలే కట్టేశారు.)

2013 డిసెంబరులో ఐరోపా ప్రయోగించిన గయా ఉపగ్రహం 2025 జనవరి వరకు దాదాపు 180 కోట్ల తారలను కొలిచింది. ప్రకాశవంతమైన వాటి విషయంలో దాని కొలత ఎంత సూక్ష్మమంటే, వెయ్యి కిలోమీటర్ల దూరంలోని తలవెంట్రుక మందమంత. వేల కోట్ల తారలున్న మన పాలపుంతలో ఇది చిన్న భాగమే. అయినా సుమారు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట మరో చిన్న గెలాక్సీ వచ్చి ఇందులో కలిసిపోయిందని ఆ తారల నడకను బట్టే పోల్చారు.

తరువాతి వారం ఆ అమ్మాయికి బర్నార్డ్ నక్షత్రం ఉన్నచోటు పటంలో చూపించాం. వేసవి రాత్రుల్లో మన ఊరి నుంచి కనిపించే భాగమే. కంటికి ఆనదు గాని చిన్న టెలిస్కోపుకు అందుతుంది. ఈ ఏడు ఫోటో తీసి దాచుకుంటే, ఆమె డిగ్రీ పూర్తయ్యేసరికి అది 72 కోణ సెకన్లు జరిగి ఉంటుంది.