బాతుపిల్లల ఫొటో కాదు, గొంతు పంపు

చెల్లీ, నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ చూశాను. ముందు నుంచి తీసినవి, వెనక నుంచి తీసినవి, మీవాడి అరచేతిలో కూర్చోబెట్టి తీసినవి. నాంపల్లి గల్లీలో, ఆ పాత ఇంటి వెనక ఉన్న కాస్త దాలాన్‌లో ఆరు పసుపు ముద్దలు తిరుగుతుంటే ముచ్చటగానే ఉంది. కానీ "అక్కా, ఇందులో పెట్టలెన్ని, మగవెన్ని?" అని అడిగావే, దానికి ఏ ఫొటోలోనూ జవాబు లేదు. ఎంత పెద్దది చేసి చూసినా లేదు.

ఈ వయసులో తెల్లబాతు పిల్లలు పైకి అన్నీ ఒకటే. తల కొంచెం లావుగా ఉన్నది మగది, ముక్కు ముదురు రంగులో ఉన్నది పెట్ట, ముందుగా తిండి మీద పడేది మగది... ఇట్లాంటివి ఎదురింటావిడ చెబుతుంది, పక్కింటావిడ ఒప్పుకుంటుంది. ఆరింటిలో మూడు సరిపోతాయి. బొమ్మా బొరుసూ వేసినా మూడు సరిపోయేవి! కోసుగా ఉన్న గుడ్డులోంచి మగది, గుండ్రటి దాంట్లోంచి పెట్ట వస్తుందనే మాట కూడా అంతే. గుడ్డు ఆకారం తల్లి ఒంటిని బట్టి వస్తుంది, లోపలున్న పిల్లను బట్టి కాదు.

అమ్మినాయన "సబ్ మాదీ హై అమ్మా", అంటే అన్నీ పెట్టలే, అన్నాడని రాశావు. కొనేవాళ్ళకి గుడ్ల మీద ఆశ ఉందని తెలిశాక ఏ ఊళ్ళో అమ్మేవాళ్ళైనా అదే అంటారు. ఏరకుండా తెస్తే సుమారు సగం మగవే ఉంటాయని మనసులో పెట్టుకో. ఆరూ పెట్టలే అయితే నీ అదృష్టం, మాకూ ఒక డజను గుడ్లు పంపు.

నిజానికి పుట్టిన మర్నాడే తేల్చే పద్ధతి ఒకటుంది. పిల్లను వెల్లకిలా పట్టుకుని, తోక కింద ద్వారాన్ని వేలితో మెల్లగా తెరిచి చూస్తారు. కోడిపిల్లల్లో ఈ విద్యను 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు మసుయి, హషిమొతో పట్టుకున్నారు. వాళ్ళ పుస్తకం 1933లో ఇంగ్లీషులో వచ్చాక దేశదేశాల హేచరీల్లో ఇదొక ఉద్యోగమైపోయింది. బాతుల్లో ఇది కోళ్ళకన్నా సులువు. ఎందుకంటే చాలా పక్షుల్లో మగవాటికి లేని అవయవం మగబాతుకు ఉంటుంది, పసిపిల్లలో కూడా చిన్న మొలకలా కనిపిస్తుంది. సులువన్నాను కదా అని నువ్వు మొదలుపెట్టకు. ఎక్కడ ఎంత నొక్కాలో తెలియని చెయ్యి పడితే లోపల దెబ్బ తగులుతుంది, పేగు కూడా బయటికి రావచ్చు. మీవాడు యూట్యూబ్‌లో చూసి "అమ్మా, నేను చేస్తా" అంటే గట్టిగా ఒక్కటి వెయ్యి.

మరేం చెయ్యాలంటావా? చెవి పెట్టి ఉండు.

కార్తీక పౌర్ణమి రోజుల్లో, వారం వయసున్నప్పుడు తెచ్చావు వాటిని. ఇప్పుడు అన్నీ ఒకే సన్న గొంతుతో కీచుకీచుమంటాయి. అయిదారు వారాలు నిండాక ఆ కీచు విరగడం మొదలవుతుంది. పెట్టల గొంతు విరిగి, ఒక్కో అరుపు పొట్టిగా, ఘాటుగా, స్పష్టంగా "బాక్ బాక్" అని పడుతుంది. మగవాటి గొంతు మాత్రం జలుబు చేసిన మాస్టారి గొంతులా బొంగురుపోయి, గుసగుసలోకి దిగిపోతుంది. అరవడానికి నోరు తెరుస్తాయి గానీ గాలే ఎక్కువ వస్తుంది. జనవరి 1న మీ ఇంటి పక్క మైదానంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ గేట్లు తెరిచే నాటికి నీ పిల్లలకు ఎనిమిది తొమ్మిది వారాలు. అప్పటికి చాలావాటి సంగతి తేలిపోతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత మీ మైదానానికి మారిన ఆ నుమాయిష్ మైకుల మోతలో సాయంత్రాలు నువ్వు బాతు గొంతు వినాలనుకుంటే అయ్యే పని కాదు. యూసుఫైన్ దర్గా వైపు నుంచి ఫజర్ అజాన్ అయిపోయాక, అబిడ్స్ రోడ్డు మీద ఆటోలు ఊపందుకోకముందు ఒక అరగంట ఉంటుంది చూడు, అప్పుడు తలుపు తీసుకుని దాలాన్‌లోకి రా.

ఊరికే నిలబడితే ఆరూ కలిపి అరుస్తాయి, ఏది ఎవరిదో తెలియదు. ఒక్కోదాన్ని విడిగా ఎత్తుకోవాలి. కాళ్ళు పట్టుకుని లేపొద్దు, కోడి కాళ్ళ గట్టితనం బాతు కాళ్ళకు ఉండదు. రెక్కలూ పట్టుకోవద్దు. పొట్ట కింద అరచెయ్యి పెట్టి, రెండో చెయ్యి వీపు మీద ఆనించి ఎత్తుకో. మిగతా వాటికి దూరంగా, వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్ళు. పెట్ట అయితే గల్లీ లేచేలా ఫిర్యాదు చేస్తుంది. మగది గుర్రుగుర్రుమంటూ గింజుకుంటుంది, అంతే. గొంతు తేలిన దాని కాలికి వదులుగా ఒక రంగు దారం కట్టు. పెరిగే కాలు కదా, వారం వారం విప్పి మళ్ళీ వదులు చెయ్యి. ఒకే రోజు విని తీర్పు చెప్పకు. కొన్ని పెట్టలు పది వారాల దాకా కీచుమంటూనే ఉంటాయి, వాటిని తొందరపడి మగవాటి లెక్కలో వెయ్యకు.

చెవికి ముందే అలవాటు కావాలంటే ఎదిగిన బాతులు అమ్మే బజారులో ఒకసారి ఆగు. ఏమీ కొనకపోయినా ఫరవాలేదు, ఆ సందడిలోనే ఏ అరుపు ఏ బాతుదో పట్టుకోవడం నేర్చుకుంటే ఇంటి దగ్గర చిటికెలో పని.

ఇంత తేడా ఎందుకంటే, గాలిగొట్టం కిందికి దిగి రెండుగా చీలే చోట మగబాతుకు ఎడమవైపు ఒక ఎముక బుడగ పెరుగుతుంది. గుడ్డులో ఉండగానే ఇది మొదలవుతుంది. పెట్టకు అది ఉండదు, అందుకే దాని గొంతు నిండుగా వస్తుంది. చిన్నప్పటి నుంచీ మనకు "ఆడపిల్లవి, గొంతు తగ్గించు" అని చెప్పిన పెద్దవాళ్ళెవరూ బాతుల్ని పెంచినట్టు లేరు.

గొంతు తర్వాత తోక. మూడు నాలుగు నెలలకు మగదాని తోక మీద రెండు మూడు ఈకలు పైకి, ముందుకు వంకీ తిరుగుతాయి. నుమాయిష్ ముగిసే ఫిబ్రవరి 15 నాటికి నీ దాలాన్‌లో ఆ వంకీలు కనిపించాలి. వంకీ ఉంటే మగదే, అనుమానం అక్కర్లేదు. లేకపోతే మాత్రం పెట్ట అని రాసెయ్యకు. ఈకలు రాలే కాలంలో వంకీలూ రాలిపోతాయి, పోట్లాటలో ఊడతాయి, పిల్లలు ముచ్చటపడి పీకేస్తారు. మీవాడిని నేనేమీ అనడం లేదు.

నీవి తెల్లవి కాబట్టి రంగు నీకు సాయం చెయ్యదు. మీ అత్తగారి ఊళ్ళో ఉన్నట్టు మచ్చల నాటుబాతులైతే వేరే కథ: మగదాని తల పచ్చగా మెరుస్తుంది, పెట్ట గోధుమరంగులోనే ఉండిపోతుంది. ఖాకీ క్యాంప్‌బెల్ అని గుడ్లకు పేరుపడ్డ జాతి ఉంది కదా, 1898 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో అడేల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ తన పెరటి బాతులను జతకట్టించి తయారుచేసింది. అందులో మగదాని తల కంచు కలిసిన ఆకుపచ్చ. అయితే ఈ సోకు ఏడాది పొడుగునా ఉండదు. జతకట్టే కాలం అయిపోయాక మగబాతు ఆ ఈకలు రాల్చుకుని కొన్నాళ్ళు అచ్చం పెట్టలా తిరుగుతుంది. ఆ నెలల్లో కొన్నవాళ్ళు మోసపోవడం మామూలే. ఇంకొక రకం, మొహం చుట్టూ ఎర్రటి కాయలున్న మస్కోవీ, అసలు ఈ లెక్కలేవీ వినదు. దానికి తోక వంకీ రాదు, మగది బుసకొడుతుంది తప్ప అరవదు, కానీ పెట్టకు దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. వాటిని చూస్తూనే చెప్పొచ్చు.

ఇంకో వింత చెబుతాను, ఎప్పుడో చదివి ఆశ్చర్యపోయాను. బాతుల్లో ఆ మెరుపుల మగ ఈకలే మామూలుగా వచ్చేవి. పెట్ట ఒంట్లో స్త్రీ హార్మోన్ ఉండబట్టి గోధుమరంగు వస్తుంది. ముసలిదై గానీ జబ్బుచేసి గానీ అండాశయం పనిచెయ్యడం మానేస్తే, గుడ్లు పెట్టిన అదే పెట్టకు మగదాని ఈకలు మొలుస్తాయి. అంతేకాదు, పక్షుల్లో పిల్ల ఆడా మగా అన్నది తేల్చే క్రోమోజోమ్ తల్లి నుంచి వస్తుంది. మనుషుల్లో అది తండ్రి నుంచి. ఆడపిల్లను కన్నదని కోడలిని సాధించే అత్తగారి మాట బాతుల దొడ్లో అయితే నిజమయ్యేదన్నమాట! అక్కడ మళ్ళీ అందరూ ఆడవే కావాలంటారు. మన కడుపులో బిడ్డ సంగతి పుట్టకముందే అడిగితే 1994 చట్టం ప్రకారం నేరం. బాతుల దగ్గర మాత్రం ఎంత ఆత్రంగా అడిగినా ఎవరూ ఏమనరు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కోళ్ళ పెంపకం గురించి దొరికితే కొనుక్కుంటానన్నావు. కొనుక్కో. కానీ అందులో రెక్క ఈకల పొడుగును బట్టి ఆడా మగా చెప్పే చిట్కా ఉంటే దాన్ని బాతుల మీద వాడకు. అది కొన్ని ప్రత్యేకమైన కోళ్ళ సంకరాలకే పనిచేస్తుంది.

ఇంతకీ ఈ ఆడా మగా గొడవ నీకెందుకు అంటే, గుడ్ల లెక్క కోసం మాత్రమే కాదు. గుడ్డు పెట్టడానికి పెట్టకు మగబాతు అవసరమే లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. అసలు చిక్కు మగవి ఎక్కువైనప్పుడు వస్తుంది. ఒక మగదానికి నాలుగైదు పెట్టలుంటే ఇల్లు ప్రశాంతం. ఆరింటిలో మూడో నాలుగో మగవి అయితే, అయిదారు నెలలు దాటాక పెట్టల్ని నిలవనివ్వవు. మెడ వెనక ఈకలు పీకి పుండు చేస్తాయి, నీళ్ళ తొట్టిలో ముంచి పైకెక్కుతాయి. పక్కన కోళ్ళుంటే వాటి జోలికీ పోతాయి, కోడిపెట్టకు అది ప్రాణాంతకం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కోతలైన పొలాల మీద వందల బాతుల్ని తోలుకుపోయేవాళ్ళ మందల్లో కూడా మగవి కొద్దిగానే కనిపిస్తాయి. అందుకే ఫిబ్రవరిలోపు లెక్క తేల్చుకుని, ఎక్కువైన వాటికి ఏదో ఒక దారి చూడు. పెద్ద దొడ్డి ఉన్న చుట్టాలకి ఇస్తావో, పెట్టలతో మార్చుకుంటావో, కూర వండుకుంటావో నీ ఇష్టం. మీవాడు వాటికి ఇప్పటికే పేర్లు పెట్టాడని విన్నాను, కాబట్టి మూడో దారి మూసుకుపోయినట్టే. లేదా మగవాటిని అన్నిటినీ విడిగా ఒక కంచెలో వెయ్యి. పెట్టలు కంటపడకపోతే అవి మహా బుద్ధిమంతులు.

పై అంతస్తు వాళ్ళ సంగతి కూడా ముందే ఆలోచించు. గుడ్లిచ్చేవే గట్టిగా అరిచేవి. మగవాటినే పెంచుకుంటే గల్లీకి శబ్దం లేదు, నీకు గుడ్డూ లేదు. పెట్టలు వేకువనే లేచి గోల చేస్తాయి కాబట్టి రాత్రిపూట వాటిని వెలుతురు చొరబడని గూట్లో మూసిపెడితే కాస్త ఆలస్యంగా మొదలుపెడతాయి. తొందరగా వదిలితే ఇంకో నష్టం: బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది, ఎక్కడ ఉంటే అక్కడే పడేసి పోతుంది, బురదలో అయినా సరే. ఓ మూల వరిగడ్డి పరిచి ఎనిమిది దాకా లోపలే ఉంచు. మొదటి డజను పైవాళ్ళకి పంపించు. వాళ్ళు కేకు చేసుకుంటే బాతుగుడ్డుతో బాగా పొంగుతుందని కూడా చెప్పు.