కోట గుమ్మం మీద కట్టిన చర్చి: పాత కైరోలోని అల్ ముఅల్లకా

ప్రాచీన ప్రార్థనా స్థలాలు అనగానే మనం ఎక్కువగా మన గుళ్ల గురించే చెప్పుకుంటాం. ఈసారి కాస్త దూరం, ఈజిప్టు దాకా వెళ్దాం. ఈజిప్టు అంటే పిరమిడ్లు, మమ్మీలే గుర్తొస్తాయి కదా? ఆ ఫారోల నాటి భాష చివరి రూపం ఇప్పటికీ ప్రార్థనలో వినిపించే చోట్లు అక్కడ ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది పాత కైరోలో మేరీమాత పేరున ఉన్న చర్చి. అరబ్బీలో దాన్ని అల్ ముఅల్లకా అంటారు, అంటే 'వేలాడుతున్నది' అని అర్థం. ఇంగ్లీషులో హ్యాంగింగ్ చర్చ్.

ముందు, కాప్టులు ఎవరు?

ఈజిప్టుని గ్రీకులు 'ఐగుప్టోస్' అనేవాళ్లు. అది అరబ్బుల నోట 'కిబ్త్' అయింది, యూరప్ వాళ్ల నోట 'కాప్ట్' అయింది. అంటే మొదట్లో ఆ మాటకి అర్థం 'ఈజిప్టు మనిషి' అనే. ఇవాళ అక్కడి క్రైస్తవులకి ఆ పేరు నిలిచిపోయింది. సువార్త రాసిన మార్కు 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా వచ్చి తమ సంఘాన్ని స్థాపించాడని వీళ్ల సంప్రదాయం. 451లో కాల్సిడన్ సభలో క్రీస్తు స్వభావం గురించి పెద్ద వాదం జరిగింది. ఆ సభ నిర్ణయాన్ని ఒప్పుకోని సంఘాల్లో వీళ్లదీ ఒకటి. కేరళలోని మలంకర ఆర్థొడాక్స్ సంఘం కూడా ఇదే కుటుంబానికి చెందుతుంది.

వీళ్ల కాప్టిక్ భాషని గ్రీకు అక్షరాలతో రాస్తారు. గ్రీకులో లేని శబ్దాల కోసం పాత ఈజిప్టు లిపి నుంచి కొన్ని గుర్తులు తీసుకున్నారు. ఇళ్లలో మాట్లాడటం శతాబ్దాల కిందటే ఆగిపోయింది, అందరూ అరబ్బీకి మారారు. కానీ పూజారులు, గాయకులు వదల్లేదు. దాని వల్ల జరిగిన మేలు చూడండి. 1822లో షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పగలిగాడంటే, ఆయనకి కాప్టిక్ బాగా తెలిసి ఉండటం ఒక ముఖ్య కారణం.

ఇంతకీ 'వేలాడటం' ఏమిటి?

రోమన్లు నైలు నది ఒడ్డున బాబిలోన్ అనే కోట కట్టారు. ఇరాక్‌లోని బాబిలోన్ వేరు, ఇది వేరు. ఈ కోట దక్షిణ ద్వారానికి రెండు వైపులా బురుజులు, మధ్యలో లోపలికి దారి ఉండేవి. ఆ బురుజుల మీద, దారి మీదుగా చర్చి కట్టారు. భక్తులు నిలబడే పెద్ద హాలు కింద గట్టి నేల లేదు, పాత కోట దారే ఉంది! మీదకి వెళ్లడానికి 29 మెట్లున్నాయి. శతాబ్దాలుగా చుట్టూ నేల మట్టం పెరిగిపోవడంతో ఇప్పుడు బయటి నుంచి చూస్తే అంత ఎత్తు అనిపించదు. లోపల ఒకచోట నేలకి అద్దం పెట్టారు, దానిలోంచి కింద ఉన్న రోమన్ కట్టడం కనిపిస్తుంది.

లోపల ఏం చూడాలి?

పైకప్పు చెక్కతో, తలకిందులుగా బోర్లించిన పడవలా ఉంటుంది. జలప్రళయంలో ప్రాణుల్ని కాపాడిన నోవహు ఓడకి అది గుర్తు అని చెబుతారు.

తూర్పు వైపున మూడు పవిత్ర స్థానాలున్నాయి. వీటిని 'హైకల్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే గర్భగుడి లాంటివి. మధ్యది మేరీమాతది, మిగతా రెండూ సెయింట్ జార్జ్, బాప్తిస్మమిచ్చు యోహానుల పేరున ఉన్నాయి. హైకల్‌లోకి అడుగుపెట్టేవాళ్లు చెప్పులు విడిచి వెళ్లాలి. మండుతున్న పొద దగ్గర దేవుడు మోషేని చెప్పులు విడవమన్న ఘట్టాన్ని దీనికి ఆధారంగా చూపిస్తారు.

మధ్య హైకల్ ముందున్న తెర నల్ల ఎబొనీ చెక్కతో చేసినది. అందులో ఏనుగు దంతం పొదిగి శిలువ ఆకారాలు తీర్చారు. దాని పైన వరుసగా ఏడు పటాలు, నడుమ సింహాసనం మీద క్రీస్తు. చర్చి మొత్తంలో ఇలాంటి పటాలు సుమారు 110 ఉన్నాయి. ఎక్కువ భాగం 18వ శతాబ్దానివి.

హాల్లో సన్నని పాలరాతి స్తంభాల మీద ఒక ప్రసంగ వేదిక ఉంది. వాటిలో ఒకటి నల్లది, ఇంకొకటి బూడిద రంగుది. నల్లది ద్రోహం చేసిన యూదాకి, బూడిదది సందేహించిన తోమాకి గుర్తులని భక్తులు చెబుతారు. మన దేశానికి వచ్చాడని కేరళ క్రైస్తవులు నమ్మే తోమా ఈయనే.

పాటలకి వాద్యాలు ఏమిటో తెలుసా? తాళాలు, త్రిభుజాకారపు లోహపు కడ్డీ, అంతే. మిగతాదంతా గొంతే.

దీని వయసెంత?

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవాలి. చర్చి 3వ శతాబ్దం నుంచే ఉందని ఒక సంప్రదాయం. చరిత్రకారులు చాలామంది 7వ శతాబ్దం ప్రాంతం అంటారు. రాతపూర్వకంగా దీని ప్రస్తావన 9వ శతాబ్దంలో, 831 నుంచి 849 దాకా మతగురువుగా ఉన్న జోసెఫ్ జీవిత కథలో కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో పోప్ క్రిస్టోడౌలోస్ కాలంలో పీఠం అలెగ్జాండ్రియా నుంచి కైరోకి మారాక ఈ చర్చి ప్రాముఖ్యం ఇంకా పెరిగింది. ఇప్పుడు మనకి కనిపించే జంట గంట గోపురాల ముఖభాగమేమో 19వ శతాబ్దానిది.

ఒక ప్రసిద్ధ కథ కూడా ఉంది. విశ్వాసం కొండల్ని కదిలిస్తుందన్న మాట నిజమని నిరూపించమని ఖలీఫా అడిగాడట. మతగురువు అబ్రహాం మూడు రోజులు ఈ చర్చిలోనే ప్రార్థించాడు. తర్వాత సైమన్ అనే తోలు పనివాడి సాయంతో ముకత్తమ్ కొండ కదిలింది. పెద్ద గురువుకి దారి చూపింది ఒక మామూలు పనివాడు కావడమే ఈ కథలో కాప్టులకి ఇష్టమైన సంగతి.

మరి ఏది నిజం అంటారా? భక్తుల నమ్మకం ఒకటి, కాగితం మీద దొరికే ఆధారం ఒకటి, రాయి చెప్పేది ఇంకొకటి. మూడింటినీ కలిపేస్తే చివరికి ఏదీ మిగలదు. విడివిడిగా పెట్టుకుంటే మూడింటికీ గౌరవం దక్కుతుంది. వాట్సాప్‌లో 'ప్రపంచంలోనే అతి పురాతనం' అని ఏదైనా వస్తే, అది మన గుడి గురించే అయినా సరే, ఫార్వర్డ్ చేసే ముందు ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

నిలబెట్టుకోవడం తేలిక కాదు

ఈ చర్చిని పాడు చేసిన వాటిలో ముఖ్యమైనది కింద నుంచి వచ్చే నీరు. పాత కైరోలో భూగర్భ జలం పైకి ఉబికి పునాదుల్ని తినేసింది. 1992 అక్టోబరులో వచ్చిన భూకంపం గోడల్ని మరింత దెబ్బతీసింది. నీటి మట్టం తగ్గించారు, పునాదులు గట్టిపరిచారు, పటాలు శుభ్రం చేశారు. ఏళ్ల తరబడి పని సాగి 2014లో చర్చి మళ్లీ తెరుచుకుంది. క్రీస్తు యెరూషలేము ప్రవేశాన్ని చెక్కిన ఇక్కడి పాత చెక్క గడప కమ్మీని పక్కనే ఉన్న కాప్టిక్ మ్యూజియంలో భద్రంగా ఉంచారు.

గోడల్ని ఇంజినీర్లు కాపాడారు. భాషని కాపాడింది మాత్రం ప్రతి తరంలోనూ అర్థం తెలుసుకుని, నోరు తిరిగే దాకా నేర్చుకున్న మామూలు మనుషులు. మనం రోజూ చదివే స్తోత్రంలో ఒక్క శ్లోకానికైనా అర్థం మనకి తెలుసా? ఈ వారం ఒక్కటి ఎంచుకుని ఇంట్లో పెద్దవాళ్లని అడిగి తెలుసుకోండి. తెలిసింది కామెంట్‌లో రాయండి, అందరం చదువుకుందాం.